ప్లాజా మిరాండాలో ఒక సాయంత్రం

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో కియాపో చర్చి ముందున్న ప్లాజా మిరాండాలో ఈ సాయంత్రం చాలాసేపు నిలబడిపోయాను. 1971 ఆగస్టు 21న ప్రతిపక్ష లిబరల్ పార్టీ ఎన్నికల సభపై గ్రెనేడ్లు పడింది ఇక్కడే. తొమ్మిది మంది చనిపోయారు. ఆ దాడిలో ఒక కంటిచూపు పోగొట్టుకున్న పార్టీ నేత హోవితో సలోంగా ఆ ఎన్నికల్లోనే సెనేట్‌కు అందరికన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారు! మరుసటి ఏడాది అధ్యక్షుడు మార్కోస్ విధించిన సైనిక శాసనం పార్టీ నోరు నొక్కేసింది.

2010లో నోయ్‌నోయ్ అకీనో అధ్యక్షుడు కావడంతో పార్టీకి మళ్లీ అధికారం వచ్చింది. 2016 అధ్యక్ష ఎన్నికల్లో ఓడగానే చాలామంది సభ్యులు గెలిచిన దుతెర్తే వైపు గోడ దూకారు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధే. 2025లో పార్టీ నేత కికో పాంగిలినన్ సెనేట్‌కు గెలిచారని విని ఎంతో సంతోషించాను.

మల్లెదండలు అమ్మే ముసలామెను ఆనాటి సభ గురించి అడిగాను. వేదిక ఉన్నచోటు చేతితో చూపించింది.