నాన్న అడిగిన జిరాక్సు

"జిరాక్సులు ఎన్ని తియ్యాలమ్మా?"

పాప పుట్టిన మూడో రోజు మా నాన్న అడిగిన మాట ఇది. 2024 మే నెలాఖరు. ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో ముస్తమాయె అనే పేటలో, సోవియట్ కాలంలో కట్టిన అయిదంతస్తుల మేడలో మా ఫ్లాట్. రాత్రి పది దాటినా కిటికీ బయట ఇంకా వెలుగు ఉంది. నాన్న ఒళ్లో ప్లాస్టిక్ ఫోల్డరు ఉంది. అందులో మా పెళ్లి సర్టిఫికెట్టు, నా పదో తరగతి సర్టిఫికెట్టు, మా ఇద్దరి పాస్‌పోర్టు కాపీలు, ఆధార్ కాపీలు, డజను ఫోటోలు. తెనాలి నుంచి వాటిని చేతిసంచిలోనే పెట్టుకుని, విమానంలో కూడా పక్కన పెట్టకుండా తెచ్చారు. మనవరాలి పుట్టుక నమోదు చేయించడం తన పని అని ఇంటి దగ్గరే అనుకుని వచ్చారాయన.

నాన్న పన్నెండేళ్లు మీసేవ కేంద్రం నడిపారు. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, అడంగల్, 1బి... ఏ కాగితానికి ఏ కాగితం జత చెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. చదువురాని వాళ్లకి అర్జీ తనే నింపి, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చూపించి, "వారం తర్వాత రామ్మా" అని పంపేవారు. ఆ పని మీద ఆయనకి ఎంతో గౌరవం. నేను ఫీజు కట్టడానికి డబ్బులు ఆ కౌంటర్ నుంచే వచ్చాయి.

ఆయన అడిగేటప్పటికే పాప పేరు నమోదైపోయింది. ఆసుపత్రిలోనే పాపకి 11 అంకెల కోడ్ వచ్చింది. దీన్ని ఇక్కడ ఇసికుకోద్ అంటారు. మా ఆయన ముందురోజు సాయంత్రం సోఫాలో కూర్చుని జనాభా రిజిస్టర్ పోర్టల్ తెరిచి పేరు టైపు చేశారు. తల్లిదండ్రులు ఎవరో, పెళ్లి ఎప్పుడైందో, ఎక్కడ ఉంటున్నారో అన్నీ ముందే అందులో ఉన్నాయి. మేం టాలిన్ వచ్చిన కొత్తలో అపొస్టిల్ (బయటి దేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించిన పెళ్లి సర్టిఫికెట్టు ఒక్కసారి చూపించాం. మళ్లీ ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ అడగలేదు. పేరు టైపు చెయ్యడం, ఫోన్‌లో పిన్ కొట్టడం, అంతే. ఇంటిపేరు మాత్రం చివరికి వెళ్లిపోయింది, ఆ ఒక్కటీ నాన్నకి నచ్చలేదు.

ఇంకొన్నాళ్లకి నాకు మెయిల్ వచ్చింది. సామాజిక బీమా శాఖ నుంచి. మీకు పాప పుట్టింది, మీకు రావాల్సిన భత్యాలు ఇవి, ఈ ఖాతాలో వెయ్యమంటారా అని. నెలకి 80 యూరోల పిల్లల భత్యం, నా జీతం లెక్కన తల్లిదండ్రుల భత్యం. నేను దరఖాస్తు పెట్టలేదు. 2019 నుంచి ఇక్కడ దరఖాస్తు కోసం ఎదురుచూడకుండా శాఖే ముందుగా అడుగుతోంది. నాన్న ఆ మెయిల్ నాచేత మూడుసార్లు అనువాదం చేయించుకున్నారు. "అంటే అడక్కుండానే ఇస్తామని వాళ్లే ఉత్తరం రాశారా?" అన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వితంతు పింఛను కోసం తన కౌంటర్ దగ్గరికి కాగితాలు పట్టుకుని మళ్లీ మళ్లీ వచ్చిన ఒక ముసలమ్మ గుర్తొచ్చిందని రాత్రి అమ్మతో చెప్పారట.

మర్నాడు ఆయన అసలు ప్రశ్న వేశారు. "ఆ డేటా అంతా ఒకేచోట ఉంటుందా? ఎవడన్నా దూరితే?"

ఒకేచోట ఉండదు. ఇది అర్థం కావడానికి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేసే నాకే కొన్ని నెలలు పట్టింది. జనాభా వివరాలు జనాభా రిజిస్టర్‌లో, పన్నులవి పన్నుల శాఖలో, ఆరోగ్యానివి ఆరోగ్య వ్యవస్థలో. ఎవరి లెక్క వాళ్ల దగ్గరే. అవసరమైనప్పుడు ఒకరినొకరు అడిగి తెలుసుకునే దారి పేరు ఎక్స్-రోడ్. అడిగినవాడు ఎవడో గుర్తింపు చూపించాలి, అడిగిన ప్రతిసారీ నమోదవుతుంది. ఒక శాఖ దగ్గర ఉన్న సమాచారం కోసమే మరో శాఖ వేరే రిజిస్టర్ పెట్టకూడదని చట్టంలోనే రాసి ఉంది. జిరాక్సు అవసరం అక్కడే పోయింది.

ఎక్స్-రోడ్ 2001లో మొదలైంది. అదే ఏడాది హైదరాబాదులో ఈ-సేవ కేంద్రాలు తెరుచుకున్నాయి. కరెంటు బిల్లు, నీటి బిల్లు, పన్ను అన్నీ ఒకే కౌంటర్లో కట్టొచ్చంటే అప్పట్లో అదొక అద్భుతం. ఆ కేంద్రాల గురించి పేపర్లో చదివే నాన్న ఈ పనిలోకి రావాలనుకున్నారు. మనం ముందు కౌంటర్లని ఒకచోటికి తెచ్చాం. వీళ్లు ముందు కౌంటర్ వెనకాల ఉన్న లెక్కల్ని ఒకదానితో ఒకటి మాట్లాడించారు. నేను అలా చెప్తే నాన్న, "మేం చేసింది చిన్న పనేం కాదమ్మా, అంతమంది జనం" అన్నారు. నిజమే. ఎస్టోనియా జనాభా మొత్తం దాదాపు 13.7 లక్షలు. విశాఖ నగరమే ఇంతకన్నా పెద్దది.

ఆ చిన్నతనమే వీళ్లని ఇటు నెట్టిందని నాకనిపిస్తుంది. 1991లో సోవియట్ యూనియన్ నుంచి స్వాతంత్ర్యం తిరిగొచ్చేసరికి ఖజానాలో డబ్బు లేదు. 45 వేల చదరపు కిలోమీటర్ల దేశంలో సగం అడవి, అక్కడక్కడా ఊళ్లు. ప్రతి ఊరికీ ఆఫీసు, గుమాస్తా పెట్టే స్తోమత లేదు. 1992 జూన్‌లో రూబుల్ వదిలి సొంత డబ్బు క్రూన్ తెచ్చుకుని, దాన్ని జర్మన్ మార్కుకి కట్టేశారు. ఆ శరదృతువులో ప్రధాని అయిన మార్ట్ లార్ వయసు 32. 1996లో అధ్యక్షుడు లెన్నార్ట్ మెరి 'పులి గెంతు' అనే పథకం ప్రకటించారు. బడి బడికీ కంప్యూటర్లు, ఇంటర్నెట్, పంతుళ్లకి శిక్షణ. మా టీమ్‌లో నాకంటే పదేళ్లు పెద్దావిడ ఉంది. సారేమా దీవిలో చిన్న పల్లె ఆమెది. ఆ పల్లె బళ్లోనే మొదటిసారి మౌస్ పట్టుకున్నానని చెబుతుంది. 2002లో గుర్తింపు కార్డు వచ్చింది, అందరికీ తప్పనిసరి. దాంట్లో చిప్పు, రెండు పిన్‌లు. ఒకటి 'నేనే' అని చెప్పడానికి, రెండోది సంతకానికి. ఆ సంతకానికి చేతిసంతకంతో సమానమైన విలువ. 2005లో ఓటు ఇంటర్నెట్‌లో వెయ్యనిచ్చారు. 2023 పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు అలాగే పడ్డాయి.

ఎవడన్నా దూరితే అన్న నాన్న భయానికి అదే పెద్దావిడ ఒక సంగతి చెప్పింది. 2017 ఆగస్టు చివర్లో చెక్ పరిశోధకులు కార్డులోని చిప్పులో లోపం ఉందని ఎస్టోనియాకి తెలియజేశారు. దాదాపు ఏడున్నర లక్షల కార్డులు, అంటే జనాభాలో సగానికి పైగా. ప్రభుత్వం దాన్ని దాచలేదు. ప్రధానే విలేకరుల ముందుకొచ్చి చెప్పారు. నవంబరు మొదటి వారంలో ఆ కార్డుల సర్టిఫికెట్లు ఆపేసి, జనం ఇంట్లోంచే కొత్తవి ఎక్కించుకునేలా చేశారు. కార్డులిచ్చే పోలీసు ఆఫీసు ముందు వరుసలో నిలబడ్డ రోజులు ఆమెకి ఇంకా గుర్తు. "కోపం వచ్చింది. కానీ నా కార్డు పాడైందని నాకు చెప్పారు కదా" అంది. ఈ దేశం బలం నాకు ఆ మాటలో కనిపిస్తుంది.

ప్రభుత్వ పోర్టల్‌లో నా వివరాలు ఏ శాఖ ఎప్పుడు చూసిందో వరసగా కనిపించే పేజీ ఒకటి ఉంది. నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని తెరిచాను. సామాజిక బీమా శాఖ, పన్నుల శాఖ, పోలీసు శాఖ. తేదీ, సమయంతో సహా. పని లేకుండా ఇతరుల వివరాలు చూసిన ఉద్యోగుల మీద ఇక్కడ చర్యలు తీసుకున్నారు. నాన్న కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కొక్క వరసా వేలు పెట్టి చదివారు. ఆయన అంత శ్రద్ధగా భగవద్గీత చదవడం చూశాను, మళ్లీ ఇది.

అయితే కథ ఇంతే అయితే నేను ఇది రాసేదాన్ని కాదు. ఎస్టోనియా అనగానే మనవాళ్లు స్కైప్ పుట్టిన దేశం, డబ్బు పంపే వైజ్ స్థాపకుల దేశం, ట్యాక్సీల బోల్ట్ పుట్టిన దేశం, బయటివాళ్లకీ డిజిటల్ గుర్తింపు ఇచ్చే ఈ-రెసిడెన్సీ దేశం అని మాత్రమే మాట్లాడతారు. నాన్న పది రోజులకే అది దాటి చూశారు. మా ఆయన చెక్క ఇళ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఇక్కడ గోడలు, కప్పులు తయారుచేసి లారీల్లో, ఓడల్లో నార్వే, స్వీడన్, జర్మనీలకి పంపుతారు. యూరప్‌లో చెక్క ఇళ్ల ఎగుమతిలో ఎస్టోనియా ముందు వరసలో ఉంటుంది. ఆ నెలల్లో ఫ్యాక్టరీ వారానికి నాలుగు రోజులే నడిచింది. శుక్రవారం అల్లుడు ఇంట్లో ఉండటం చూసి నాన్న నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా అడిగారు. "ఇంత గొప్పగా పని చేసే ప్రభుత్వం ఉన్న దేశంలో అల్లుడుగారి ఫ్యాక్టరీకి పని ఎందుకు లేదమ్మా?"

దీనికి జవాబు పోర్టల్‌లో దొరకదు. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా, బెలారస్ కలప ఆగింది. వడ్డీలు పెరిగి స్వీడన్‌లో ఇళ్లు కట్టేవాళ్లు తగ్గారు. 2022లో ఇక్కడ ధరలు సగటున 19.4 శాతం పెరిగాయి. ఆ ఆగస్టు 17న సాయంత్రం ఒక గంటపాటు కరెంటు టోకు ధర మెగావాట్-అవర్‌కి 4,000 యూరోలు పలికింది. మన లెక్కలో యూనిట్ 4 యూరోలు, మూడొందల రూపాయల పైనే. మాది మార్కెట్‌ని బట్టి రోజంతా ధర మారే ఒప్పందం. రేపటి ధరలు మధ్యాహ్నం వస్తాయి, అవి చూసుకుని బట్టలు ఎప్పుడు ఉతకాలో నిర్ణయించుకుంటాను. కరెంటు లెక్క ఇంత చక్కగా ఫోన్‌లో కనిపించినా కరెంటు చవక కాదు. 2023లో జీడీపీ దాదాపు 3 శాతం తగ్గింది.

పన్నుల సంగతి కూడా అంతే. 2000 నుంచి ఇక్కడ కంపెనీ లాభాన్ని వాటాదారులకి పంచినప్పుడే పన్ను, కంపెనీలోనే ఉంచితే పన్ను లేదు. అమెరికాలోని టాక్స్ ఫౌండేషన్ వేసే పన్నుల పోటీతత్వ సూచీలో పదేళ్లకి పైగా ఎస్టోనియాదే మొదటి స్థానం. మా ఆయన పనిచేసే కంపెనీ అలా దాచుకున్న లాభంతోనే కొత్త కోత యంత్రం కొంది. దాన్ని నిలబెట్టింది మా ఆయనే. మంచి యంత్రం. ఆర్డర్లు లేక ఆ యంత్రం మీద శుక్రవారాలు గుడ్డ కప్పి ఉంచారు. పన్ను ఎంత తేలికైనా కొనేవాడిని పుట్టించలేదు కదా. యూరోపియన్ యూనియన్ 2022 డిజిటల్ సూచీలోనూ ఇదే కనిపిస్తుంది. ప్రభుత్వ సేవల్లో ఎస్టోనియా మొదటిది, అన్నీ కలిపితే 9వది. ఫ్యాక్టరీలో కొలతల కాగితాలు చేత్తో రాసి గోడకి అంటించే విభాగాలు ఉన్నాయని మా ఆయన చెబుతూనే ఉంటారు. ప్రభుత్వం నడిచిన దూరం చిన్న కంపెనీలు నడవలేదు.

రక్షణ ఖర్చు కోసం పన్నులూ పెరుగుతున్నాయి. వ్యాట్ 20 శాతం ఉన్నప్పుడు వచ్చాం. 2024 జనవరిలో 22, 2025 జూలైలో 24. పాల ప్యాకెట్టు కొన్నప్పుడల్లా తెలుస్తుంది. సరిహద్దు అవతల ఎవరున్నారో తెలుసు కాబట్టి ఇక్కడివాళ్లు గొణుగుతూనే కడతారు. నేనూ కడతాను, మనస్ఫూర్తిగానే.

కానీ నన్ను నిజంగా కలవరపెట్టేది మనుషుల లెక్క. ప్రసూతి వార్డులో మా పక్క గదులు ఖాళీ. 2024లో ఈ దేశం మొత్తంలో పుట్టిన పిల్లలు 10 వేలలోపే. మా పాప వాళ్లలో ఒకతి. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లకి ఏడాదికి జనాభాలో 0.1 శాతం అని కోటా. ఐటీ వాళ్లకి, స్టార్టప్‌లకి మినహాయింపు ఉంది. పది లక్షలమంది మాట్లాడే భాష ఎక్కడ కరిగిపోతుందో అని వీళ్ల భయం. తెలుగుదాన్ని, నాకు ఆ భయం అర్థమవుతుంది. అందుకే ఎస్టోనియన్ నేర్చుకుంటున్నాను. వచ్చి చూస్తే మన భాషలాగే విభక్తి పదం చివర అతుక్కుంటుంది. 'మయ' అంటే ఇల్లు, 'మయస్' అంటే ఇంట్లో, 'మయస్త్' అంటే ఇంట్లోంచి. క్లాసులో జర్మన్ కుర్రాడు తల పట్టుకున్నప్పుడు నాకు మాత్రం అది ఇంటి మాటలా వినిపించింది.

నాన్న జూన్ 23న యోహాను పండగ నెగడు చూసి, ఆ వారంలోనే వెళ్లిపోయారు. ఫోల్డరు తీసుకెళ్లలేదు, అల్మరాలో పెట్టి, "ఉండనీ" అన్నారు.

ఇప్పుడు నవంబరు. నాలుగింటికే చీకటి. ఫ్యాక్టరీ అయిదు రోజులూ నడుస్తోంది, ఆర్డర్లు మాత్రం చిన్నవి. పాపకి ఏడాదిన్నర, డేకేర్‌లో 'లుమి' (మంచు) అనే మాట నేర్చుకొచ్చి మంచు పడకముందే కిటికీ చూపించి అంటోంది. ప్రతి నెలా మొదటి ఆదివారం నాన్న వీడియో కాల్ చేస్తారు. కుశల ప్రశ్నలయ్యాక, "పాప పేజీ తియ్యమ్మా" అంటారు. ఆరోగ్య పోర్టల్‌లో పాప వివరాలు ఎవరు చూశారో చదువుతాను. ఈ నెల ఒక్కటే వరస. ఏడాదిన్నర చెకప్ చేసిన నర్సుది. నాన్న తన డైరీలో తేదీ రాసుకున్నారు.