ఫోను చదవలేకపోయిన ప్రశ్నపత్రం

పొందూరుకు దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్న నాకు, చూపు బాగా తక్కువగా ఉన్న ఒక విద్యార్థిని నిరుడు ఏడో తరగతిలో చేరేవరకు, నా నోట్సు ఏ ఫాంటులో ఉందన్న ఆలోచన ఏనాడూ రాలేదు. ఆ అమ్మాయి పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకొని చదివేది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం నుంచి వచ్చే ప్రత్యేక ఉపాధ్యాయురాలు (ఐఈఆర్‌టీ) ఆ అమ్మాయి తండ్రి ఫోనులో, తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్‌ను తెలుగు గొంతుతో అమర్చి, వేలు ఆనిన చోట ఉన్నదాన్ని ఫోను చదివి వినిపిస్తుందని, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుందని ఓపికగా నేర్పించారు. కొద్ది వారాలకే ఆ పిల్ల చదివే గొంతు వేగాన్ని ఎంత పెంచుకుందంటే, పక్కన నిలబడిన నాకు ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు.

చిక్కంతా యూనిట్ పరీక్ష దగ్గర వచ్చింది. డీటీపీ సెంటరులో కొట్టించిన ప్రశ్నపత్రం ఫైలును తెచ్చి ఫోనులోకి పంపిస్తే, తెలుగు ప్రశ్నలకు బదులు పొంతన లేని ఇంగ్లీషు అక్షరాలను, గుర్తులను అది వల్లించడం మొదలుపెట్టింది. ఫోను పాడైందనుకున్నాను. ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, పాత డీటీపీ ఫాంట్లలో కంటికి కనిపించేది మాత్రమే తెలుగు. లోపల దాగి ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, వాటికి పైన తెలుగు ఆకారాన్ని తొడుగుతారు. కాగితం మీద అచ్చు వేసినంతకాలం ఈ సంగతి ఎవరికీ పట్టదు, కానీ చదివి వినిపించే యంత్రం ఆకారాన్ని కాక సంకేతాన్ని చూస్తుంది. ప్రతి భాష అక్షరాలకూ విడివిడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే సొంత స్థానం ఉన్నా, మా పరీక్ష కాగితాలు మాత్రం ఆ పాత తొడుగుల్లోనే తిరుగుతున్నాయి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌ల సంగతీ అంతే, అవి ఫోనుకు ఉత్త బొమ్మలు. గూగుల్ లెన్స్‌తో అక్షరాలను వెలికి తీయవచ్చు గానీ, ఒత్తులు ఎక్కడ రాలిపోయాయో ఎవరో ఒకరు కూర్చొని సరిచూడక తప్పదు.

2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు, లేఖకుని సాయంతో పరీక్ష రాసే దివ్యాంగులకు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వమన్నాయి. సమయం లెక్క సరే, తన ప్రశ్నను తానే చదువుకోగలిగే పిల్లకు ఆ ప్రశ్న చదవగలిగే రూపంలో అందకపోతే ఆ 20 నిమిషాలతో ఏం చేసుకుంటుంది? అందుకే పాఠాలను ఫోనులోని తెలుగు కీబోర్డుతో మళ్లీ నేనే కొట్టడం మొదలుపెట్టాను.

పటం దగ్గర మాత్రం ఫోను చేతులెత్తేసింది. నాగావళి శ్రీకాకుళం పట్టణం మీదుగా వెళ్లి కళ్లేపల్లి వద్ద, వంశధార కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తాయని అది చదవగలదు గానీ, ఆ వంపులను చూపలేదు. ఆమె నాయనమ్మ ఇంట్లో ఖద్దరు నూలు వడుకుతారు. ఆ నూలునే అట్ట మీద జిగురుతో అంటించి నదులు చేశాం, తీరానికి పురికొస వాడాం. వేలితో తడుముతూ, ఈ రెండు నదులు ఇంత దగ్గరగా ఉన్నాయా అని ఆమె ఆశ్చర్యపోయింది.

ఎనిమిదో తరగతిలో ఇంకో అబ్బాయి ఉన్నాడు. నోటితో అడిగితే అన్నీ చెబుతాడు, కానీ చదవమంటే ప-ష, వ-మ కలిసిపోతాయి, కింది ఒత్తు ఏ అక్షరానిదో తేలదు. చదవడంలో ఇలాంటి ఇబ్బందిని కూడా 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాలలో చేర్చారు. వాడికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ లేదు, దాని కోసం తిరిగే తీరిక తల్లిదండ్రులకూ లేదు. అయితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగలకుండా వరుసల మధ్య ఎడాన్ని రెట్టింపు చేసి ముద్రించడానికి సర్టిఫికెట్ అక్కరలేదు కదా! ఆ కాగితం మీద వాడు తడబడడం కొంత తగ్గింది.

మాట్లాడితే రాసిపెట్టే సౌకర్యాన్ని కూడా వాడికి చూపించాను. "నిన్న మావోలింటికి ఎల్లొచ్చినాను" అని వాడంటే, ఫోను ఇంకేదో రాసింది. వాడి మాట తప్పు కాదు, ఆ యంత్రానికి మా ప్రాంతపు పలుకు అలవాటు లేదు. వాడుక భాష కోసం పోరాడి, సవర గిరిజన పిల్లల కోసం వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి పుట్టిన పర్వతాలపేట ఈ జిల్లాదే కావడం వల్ల, ఆ క్షణంలో నాకు నవ్వూ ఉక్రోషమూ కలిసి వచ్చాయి. మన్యపు జ్వరానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసిందంటారు. ప్రస్తుతానికి ఆ అబ్బాయి తన జవాబులను రికార్డు చేసి పంపుతున్నాడు, నేను విని మార్కులు వేస్తున్నాను.

ఈ ఏడాది అర్ధసంవత్సర పరీక్షల పత్రాలు మళ్లీ పాత ఫాంటులోనే వచ్చాయి. తెలుగు, సాంఘికశాస్త్రం, జీవశాస్త్రం కొట్టడం అయిపోయింది. గణితం మిగిలింది. భిన్నాలను, వర్గమూలాలను ఎలా రాస్తే ఫోను తికమక లేకుండా చదువుతుందో చూడటానికి లెక్కల మాస్టారు, నేను శనివారం సాయంత్రం బడిలోనే కూర్చుందామనుకున్నాం. ఆ అమ్మాయిని కూడా రమ్మన్నాం, ఎలా వినిపిస్తే అర్థమవుతుందో చెప్పవలసింది తనే గనుక.