రాత్రి తాగాను, తెల్లవారి పట్టుబడ్డాను

నిన్న మధ్యాహ్నం కోర్టులో 16,000 రూపాయల జరిమానా కట్టి, రసీదు జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాను. పది నెలల కిందట మొదలైన వ్యవహారంలో ఒక భాగం దీనితో తీరింది, ఇంకొకటి మిగిలే ఉంది. అంతా తీరేదాకా ఆగకుండా ఈరోజే రాస్తున్నాను. ఆలస్యమైతే నా తప్పును నేనే కొంచెం కొంచెంగా తగ్గించి చెప్పుకోవడం మొదలుపెడతానని భయంగా ఉంది.

మాది విజయవాడ, పటమట. ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో 22 ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. అంతకుముందు నా పేరు మీద ఒక్క చలానా లేదు. తాగి బండి తీసే అలవాటు లేదు. ఆ రాత్రి కూడా తీయలేదు. స్నేహితుడి పదవీ విరమణ విందుకు ఆటోలో వెళ్లి ఆటోలోనే తిరిగి వచ్చాను. తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా కూర్చున్నాం. ఐదు పెద్ద పెగ్గులు తాగాను. ఒంటిగంటకు పడుకుని ఐదింటికి లేచాను. తలస్నానం చేసి, కాఫీ తాగి, కారు తీశాను. విజయనగరం నుంచి మా వియ్యంకుడు, వియ్యపురాలు రైలు దిగుతున్నారు. మా అమ్మాయి పెళ్లికి అప్పటికి మూడు వారాలే ఉంది. వన్‌టౌన్‌లో పెళ్లి బట్టలు తీయాలని వస్తున్నారు.

బెంజ్ సర్కిల్ పై వంతెన కింద పక్క నుంచి మలుపు తిరుగుతున్న స్కూటరు కనిపించింది. కనిపించలేదని నేను ఎక్కడా చెప్పలేదు, ఇక్కడా చెప్పను. కనిపించింది. కాలు బ్రేకు మీద పడేసరికి ఆలస్యమైపోయింది. పాల ప్యాకెట్ల ట్రేలు వేసుకుని వెళ్తున్న మనిషి. ప్యాకెట్లు చిట్లి, పాలు తారు మీద సన్నని పాయగా పారి నా ముందు టైరు కిందికి వచ్చాయి. ఆయన ఎడమ కాలు స్కూటరు కింద ఉంది. నేను వంగి లేపబోతే, "ముందు ట్రేలు చూడండి సార్, పోతే నేనే కట్టాలి" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది.

నేను పారిపోలేదు. ఈ మొత్తంలో తల ఎత్తి చెప్పుకోగలిగిన సంగతి ఇదొక్కటే, కాబట్టి చెప్పుకుంటాను. 108కి ఫోను చేసింది నేనే. గాయపడిన వారికి వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోగా పోలీసులకు తెలియజేయడం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవరు బాధ్యత. ఆ సెక్షన్ సంగతి అప్పటికి నాకు తెలియదు. మనిషి పడి ఉంటే వదిలి వెళ్లకూడదని తెలుసు, అంతే.

కూడలిలో ఉన్న ట్రాఫిక్ పోలీసులు రెండు నిమిషాల్లో వచ్చారు. యంత్రం నోటి దగ్గర పెట్టి ఊదమన్నారు. ఏమీ అనుమానం లేకుండా ఊదాను. 54 చూపించింది. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే నేరం. యంత్రం చెడిపోయిందని వాదించాను, మళ్లీ ఊదుతానన్నాను. మళ్లీ దాదాపు అంతే వచ్చింది. "రాత్రి తాగి నిద్రపోయానండీ, ఇప్పుడు తాగలేదు" అంటుంటే నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

ప్రభుత్వాసుపత్రిలో రక్తం తీసిన యువ వైద్యుడు నాకు లెక్క చెప్పాడు. శరీరం నూరు మిల్లీలీటర్ల రక్తానికి గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే మద్యాన్ని వదిలించుకుంటుందట. నిద్రపోయినా మేలుకుని ఉన్నా కాలేయం తన వేగంతోనే పని చేస్తుంది. స్నానం, కాఫీ, మజ్జిగ, నిమ్మరసం ఏవీ దాన్ని తొందరపెట్టలేవు. పన్నెండున్నరకు నాలో 140 పైన ఉండి ఉంటే, ఆరు గంటల్లో 90 పోతుంది, 50 మిగులుతుంది. జీవితమంతా అంకెలతో గడిపిన వాణ్ని. ఈ తీసివేత నాకు ఎవరూ నేర్పలేదని చెప్పి తప్పించుకోలేను, నేనే ఎప్పుడూ వేసుకోలేదు. రాత్రి గట్టిగా తాగినవారు తెల్లవారుజామున బండి తాళం ముట్టుకోవద్దు. ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఈ వాక్యం గుర్తు పెట్టుకోండి.

ఇక పోలీస్ స్టేషన్. పాలాయనకు మోకాలి కింద ఎముక విరిగింది. ఎముక విరిగితే చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. భారతీయ న్యాయ సంహిత 125(బి) (నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేయడం), 281 (నిర్లక్ష్యంగా బండి నడపడం) సెక్షన్లు, మోటారు వాహనాల చట్టం 185 (తాగి నడపడం) రాశారు. 125(బి) కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. 185 కింద మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్లు, 15,000. అయితే ఇవి స్టేషన్ బెయిలు ఇవ్వదగిన కేసులే. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు.

నా బావమరిది పరుగున వచ్చాడు. అతని వెనకే స్టేషన్ బయట తిరిగే ఒక మనిషి తయారయ్యాడు. కారు నడిపింది బావమరిది అని రాయిద్దాం, అతను తాగలేదు కదా, 20,000 చాలు అన్నాడు. నా బావమరిది సరే అనడానికి సిద్ధంగా ఉన్నాడు కూడా. నేను ఒప్పుకోలేదు. కూడలిలో కెమెరాలు ఉన్నాయన్న భయంతోనే ఒప్పుకోలేదని మా ఆవిడ ఇప్పటికీ అనుకుంటుంది. నా తప్పుకు అక్క మొగుడి మీద ప్రేమ ఉన్న ఒక కుర్రవాణ్ని నిందితుణ్ని చేయడం నా వల్ల కాలేదు. ఇలాంటి దళారులు ప్రతి స్టేషన్ గేటు దగ్గరా ఉంటారు. ఒక నేరం మీద ఉన్నవాణ్ని రెండో నేరంలోకి దింపి, డబ్బు తీసుకుని మాయమవుతారు. వాళ్ల ముఖం కూడా చూడవద్దు.

రెండో జామీనుకు మనిషి దొరకలేదు. మా యజమాని ఊళ్లో లేరు. పక్కింటివారు ఫోను తీయలేదు. ఇంతలో మా వియ్యంకులు రైల్వే స్టేషనులో గంటసేపు నా కోసం చూసి ఇంటికి ఫోను చేశారు. మా ఆవిడ అబద్ధం చెప్పలేకపోయింది.

పదిన్నరకు ఆటో ఆగింది. వియ్యపురాలిని మా ఇంట్లో దింపి, ఆయన ఒక్కరే వచ్చారు. రిటైరైన ప్రధానోపాధ్యాయులు, తెల్ల చొక్కా, చేతిలో మామిడిపళ్ల బుట్ట. కంగారులో దాన్ని ఇంట్లో దించడం మరిచిపోయినట్టున్నారు. సువర్ణరేఖ పళ్లు, వాళ్ల తోటవి. బుట్ట బల్ల మీద పెట్టి నా పక్కన కూర్చున్నారు. మే నెల ఎండకు ఆ గదంతా పళ్ల వాసన నిండింది. నా నోటి నుంచి ఏ వాసన వస్తోందో అని నేను తల అటు తిప్పుకుని మాట్లాడాను.

"ఏమైనా తిన్నారా బావగారూ?" అని అడిగారు. అంతే అడిగారు.

కానిస్టేబులు కాగితం తెచ్చాడు. ఒక జామీనుదారు స్థానికుడు ఉన్నాడు కాబట్టి రెండో వారు పొరుగూరి వారైనా ఫరవాలేదని ఎస్సై ఒప్పుకున్నారు. వియ్యంకుడుగారు తన ఆధార్ కార్డు ఇచ్చారు. కళ్లజోడు తీసి, జేబురుమాలుతో రెండు అద్దాలూ తుడిచి, పెట్టుకున్నారు. ఆ కాగితంలో ఒక గడి ఉంది: నిందితుడితో బంధుత్వం.

"ఈయన మీకేమవుతారు?" కానిస్టేబులు అడిగాడు.

"వియ్యంకుడు."

"పెళ్లి అయిపోయిందా?"

"ఇంకా మూడు వారాలు ఉంది."

ఆ కుర్రవాడు తలెత్తి నా వైపు చూశాడు. చెడ్డవాడేమీ కాదు, ఎగతాళి కూడా చేయలేదు. ఉత్తినే చూశాడు. నేను బుట్ట వైపు చూశాను. కలం కాగితం మీద కదులుతున్న చప్పుడు విన్నాను. బడిలో మార్కులు వేసిన చేయి కదా, ముత్యాల్లాంటి అక్షరాలు. వారం కిందట మేం పంపిన శుభలేఖలో ఆయన నా పేరు చదివారు, ఆడపిల్ల తండ్రిగా. ఆ రోజు అదే పేరు నిందితుడు అన్న మాట పక్కన చదివి, దాని కింద వియ్యంకుడు అని రాసి సంతకం పెట్టారు. ఆయన సంబంధం వద్దని లేచి వెళ్లిపోయినా నేను తప్పు పట్టగలిగేవాణ్ని కాదు. తిడితే కొంత తేలికపడేవాణ్ని. ఆయన తిట్టలేదు.

బయటికి వచ్చాక ఆటోలో చాలాసేపు మౌనంగా కూర్చున్నాం. తరువాత, "ఆ పాలాయన ఏ వార్డులో ఉన్నాడు?" అన్నారు. ఇంటికి వెళ్లకుండా ఆసుపత్రికి వెళ్లాం. పాలాయన భార్య మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. వియ్యంకుడుగారు బుట్ట ఆమె ముందు పెట్టారు. ఆమె వద్దనలేదు, తీసుకుంటాననీ అనలేదు. కాసేపటికి దాన్ని మంచం కిందికి జరిపి, "ఆరు ట్రేలు పగిలిపోయాయంట" అంది. ట్రేల డబ్బు ఆ సాయంత్రమే ఏజెన్సీలో కట్టాను. మొదట చేయాల్సిన పని అదే అయినా నాకు అప్పటిదాకా తోచలేదు.

పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది.

కారు సంగతి సులువుగానే తేలింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి వెళ్లాక బాండు రాసిచ్చి తెచ్చుకున్నాం. లైసెన్సు మూడు నెలలు సస్పెండ్ చేశారు, ఆ మూడు నెలలూ సిటీ బస్సులో ఆఫీసుకు వెళ్లాను.

బీమా దగ్గర మాత్రం నాకు కోపం ఉంది. ఎనిమిదేళ్లు ఒక్క క్లెయిమ్ లేకుండా ప్రీమియం కట్టాను. సర్వేయరు ఎఫ్ఐఆర్ నకలు అడిగి, 185 అంకె చూసి ఫైలు మూసేశాడు. మద్యం మత్తులో నడిపితే సొంత బండి నష్టానికి పైసా రాదని పాలసీలోనే ఉందట. ఉంది, చూశాను, అది న్యాయమే. ఏటా నవ్వుతూ వచ్చి చెక్కు పట్టుకెళ్లిన ఏజెంటు ఒక్కసారీ ఆ వాక్యం చదివి వినిపించలేదు. ఆటోనగర్‌లో మరమ్మతుకు 64,000 నా జేబులోంచి పోయింది.

నాలుగు వాయిదాల తరువాత నిన్న న్యాయాధికారి నేరం ఒప్పుకుంటున్నారా అని అడిగారు. ఒప్పుకుంటున్నానని చెప్పాను. 185కి 10,000, 125(బి)కి 5,000, 281కి 1,000. రెండు నిమిషాల్లో అయిపోయింది. జరిమానాతో పోయిందిలే అని మా ఆఫీసులో అందరూ అభినందించారు. వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. పాలాయన నష్టపరిహారం కోసం మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో కేసు వేశాడు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా వేయాలి, వేశాడు. ఆ డబ్బు బీమా సంస్థ ముందు ఆయనకు చెల్లించి, డ్రైవరు తాగి ఉన్నాడు కాబట్టి తరువాత బండి యజమాని నుంచి రాబట్టుకోవచ్చని ట్రిబ్యునల్ ఆదేశించే అవకాశం ఉంది. అది లక్షల్లో ఉంటుంది. జైలు, జరిమానా గురించి అందరూ మాట్లాడతారు, దీని గురించి నాకు మా వకీలు కూడా ఆరు నెలల దాకా చెప్పలేదు.

ట్రిబ్యునల్‌లో వాయిదా వచ్చే నెలలో. ఆయన కాలిలో వేసిన రాడ్డు తీసే ఆపరేషన్ కూడా ఆ వారంలోనే. తేదీ మార్చమని ఆయన వకీలు అడిగితే అడ్డు చెప్పవద్దని ఈ ఉదయం మా వకీలుకు ఫోను చేసి చెప్పాను.