డాబా మీద గ్యాస్ గ్రిల్ వెలిగించే ముందు

హన్మకొండలో ఆదివారం దావత్‌కు డాబా మీద గ్యాస్ గ్రిల్ పెట్టడం నాకు చాలా ఇష్టం, కానీ మూత తెరవకుండా మాత్రం ఎప్పుడూ వెలిగించకండి. మూసి ఉండగా నాబ్ తిప్పితే గ్యాస్ లోపలే నిండిపోయి, నిప్పు తగలగానే భగ్గున మొహం మీదికి వస్తుంది. అంటుకోకపోతే నాబ్ కట్టేసి, మూత తెరిచే ఉంచి, ఐదు నిమిషాలు ఆగండి.

ఎల్‌పీజీ గాలికంటే బరువు, కిందికే దిగి అక్కడే నిలుస్తుంది, అందుకే మెట్ల గదిలోనో మూసేసిన షెడ్డులోనో గ్రిల్ పెట్టడం నాకు అస్సలు నచ్చదు. పైపు జాయింట్లకు సబ్బు నీళ్లు రాయండి. బుడగలు ఉబ్బుతుంటే లీకేజీ ఉన్నట్టే, సిలిండర్ కట్టేసి గ్యాస్ లీకేజీ హెల్ప్‌లైన్ 1906కు ఫోన్ చేయండి.

ఇక వంట. మూత వేసి పది పదిహేను నిమిషాలు వేడెక్కనిస్తే జాలీకి ముక్క అంతగా అంటుకోదు. ఒక వైపు బర్నర్ పెద్ద మంట మీద పెట్టి, రెండోది ఆపేయండి. లెగ్ పీసులు రంగు వచ్చేదాకా కాల్చి, మంట లేని వైపుకు జరిపి మూత వేస్తే పైన మాడకుండా ఎముక దాకా ఉడుకుతాయి. చికెన్ లోపల 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. కొవ్వు కారి మంట లేస్తే నీళ్లు పోయొద్దు, ముక్కలు పక్కకు జరిపి నాబ్‌లు కట్టేయండి.