లుబాంతున్ రాళ్ళు, కోకో గింజలు

మధ్య అమెరికాలోని బెలీజ్ వెళ్తున్నాం అనగానే హ్యూస్టన్‌లో మా స్నేహితులంతా అడిగింది ఒకటే, "స్నార్కెలింగ్‌కేనా?" అని. అక్కడి సముద్రానికీ పగడపు దిబ్బలకీ అంత పేరు మరి. మేమూ నీళ్ళలో దిగాం, చేపలు చూశాం, వీపులు కాల్చుకున్నాం. దాని గురించి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను రాయను.

నా మనసంతా ఆ దేశం దక్షిణపు కొసలో ఉన్న టొలెడో జిల్లా మీదే ఉంది. పుంటా గోర్డా అనే చిన్న ఊరు నుంచి ఒక టూర్ తీసుకున్నాం. పొద్దున లుబాంతున్ అనే చోట మాయా అనే ప్రాచీన జాతివాళ్ళు కట్టుకున్న ఊరి శిథిలాలు, మధ్యాహ్నం ఒక రైతు ఇంట్లో భోజనం, ఆ తర్వాత కోకో తోట, చాక్లెట్ రుచి చూడటం. మా ఆయనకి రాళ్ళంటే ప్రాణం, మావాడికి చాక్లెట్ అన్న మాట చాలు. నాకు తోట కావాలి. ద్వారకా తిరుమల దగ్గర మా నాన్నకి కొబ్బరిలో అంతరపంటగా కోకో ఉంది. నేను హైస్కూల్లో ఉండగా వేశారు. కాయలు కొట్టడం, గింజ ఎండబెట్టడం అన్నీ చూస్తూ పెరిగాను. కానీ ఆ గింజ మా ఇంట్లో ఎవరి నోట్లోకీ వెళ్ళింది లేదు. మాకు కోకో అంటే గోనెసంచులు, తేమ శాతం, కిలో రేటు. అంతే.

వ్యాన్ డ్రైవర్ మమ్మల్ని చూడగానే నవ్వి, వాళ్ళ ముత్తాత వాళ్ళు ఇండియా నుంచే వచ్చారని చెప్పాడు. 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో పనికి తీసుకొచ్చిన కూలీల వారసులు ఈ జిల్లాలో చాలామందే ఉన్నారట. భాష పోయింది, ఏ ఊరో తెలియదు. కూర మాత్రం మిగిలింది. పసుపు వేసి వండే కోడికూరని అక్కడ తాకరి అంటారు. దారంతా మా ఆయనా అతనూ క్రికెట్ గురించి మాట్లాడుకోబోయి, అతనికి ఫుట్‌బాల్ తప్ప ఇంకోటి పట్టదని తేలి ఊరుకున్నారు.

గైడు మాయా వాళ్ళలోనే కెక్చి అనే తెగ మనిషి. శిథిలాలు అంటున్నాం గానీ మాయా వాళ్ళు ఎక్కడికీ పోలేదు, ఆ చుట్టుపక్కల ఊళ్ళ నిండా వాళ్ళే ఉన్నారు. శాన్ పెడ్రో కొలంబియా ఊరు దాటాక కొండ మీద ఉంటుంది లుబాంతున్. టికాల్, చిచెన్ ఇట్జా లాంటి పెద్ద మాయా నగరాల ఫోటోలు చూసి వచ్చినవాళ్ళకి మొదట కొంచెం నిరాశే. ఆకాశానికి ఎగబాకే గుడి లేదు, బొమ్మలు చెక్కిన నిలువురాళ్ళు లేవు. మెట్లు మెట్లుగా పేర్చిన రాతి దిబ్బలు, వాటి మధ్య గడ్డి పరుచుకున్న పెద్ద ముంగిళ్ళు అయిదు, బంతాట ఆవరణలు మూడు. దాదాపు క్రీ.శ. 730 నుంచి 890 దాకా నడిచిన ఊరు ఇది. అంటే నూట అరవై ఏళ్ళు. తర్వాత ఖాళీ చేసి వెళ్ళిపోయారు.

కాసేపు ఆగి గోడ దగ్గరికి వెళ్తే తెలుస్తుంది అసలు సంగతి. రాతికీ రాతికీ మధ్య సున్నం లేదు. ఒక్కో దిమ్మెనీ పక్కదానికి అమరేలా చెక్కి ఊరికే పేర్చారు. మూలలు కూడా కోణంగా కాకుండా గుండ్రంగా తిప్పారు. చెట్ల వేళ్ళు దూరి కొన్ని చోట్ల గోడ కడుపు ఉబ్బి, రాళ్ళు కిందికి జారిపోయాయి. కొన్ని మాత్రం ఇప్పటికీ వేలు దూరనంత బిగువుగా ఉన్నాయి. మావాడు నిజంగానే ప్రతి సందులోనూ వేలు పెట్టి చూశాడు, గైడు కోప్పడేదాకా.

చెట్ల వేళ్ళ కంటే మనుషులు చేసిన నష్టమే ఎక్కువట. 1903లో థామస్ గాన్ అనే బ్రిటిష్ డాక్టరు తవ్వకాలంటూ డైనమైట్ పెట్టాడు. 1915లో హార్వర్డ్ వాళ్ళు వచ్చి బంతాట ఆవరణలోని చెక్కిన రాళ్ళని పట్టుకుపోయారు. చెక్కిన రాళ్ళేవీ అని మనం వెతుక్కుంటాం గదా, కొన్ని హార్వర్డ్ వాళ్ళ పీబడీ మ్యూజియంలో ఉన్నాయన్నమాట.

ఇక స్ఫటిక కపాలం కథ. మిచెల్-హెడ్జెస్ అనే సాహసికుడి పెంపుడు కూతురు ఇక్కడే, 1924లో, తన పదిహేడో పుట్టినరోజున ఒక గాజు లాంటి పుర్రె దొరికిందని చెప్పుకుంది. దానికి మహిమలున్నాయని, చావుని పిలుస్తుందని ఎన్నో కథలు అల్లారు. తీరా చూస్తే ఆ పెద్దమనిషి దాన్ని 1943లో లండన్‌లోని సదబీస్ అనే వేలం సంస్థ ద్వారా కొన్నాడు. ఆ తర్వాత అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ళు మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, అది ఆధునిక యంత్రాలతో అరగదీసిందని తేల్చారు. గైడు ఈ కథ చెప్పి, "ఇప్పటికీ దాని కోసమే వచ్చి, ఎక్కడ దొరికిందో చూపించమంటారు. నేను ఏదో ఒక మూల చూపిస్తా" అన్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

అసలు లుబాంతున్ సొంత వస్తువు అంటే అచ్చుల్లో పోసి చేసిన చిన్న మట్టి బొమ్మలు. చాలావాటిని ఊదితే పలుకుతాయి. గైడు తన జేబులోంచి ఒక నకలు తీసి ఊదాడు. అటు పక్క చెట్టు మీద ఏదో పిట్ట వెంటనే బదులిచ్చింది. మావాడు అది కావాలని పేచీ. కొన్నాం.

మధ్యాహ్నానికి రైతు ఇంటికి చేరాం. కొహూన్ తాటాకు కప్పిన పెద్ద పాక, వెనకాల తోట. భోజనం కాల్డో, అంటే కోడి పులుసు, ఎర్రగా. పక్కన వేడివేడి మొక్కజొన్న రొట్టెలు. ఆ ఎరుపు కారం వల్ల వచ్చింది కాదు, జాఫ్రా గింజలది. మన సీతంపేట, పాడేరు వైపు గిరిజన రైతులు పండించే జాఫ్రాయే. పాతకాలం చాక్లెట్‌లోనూ ఆ రంగు కలిపేవారట.

తోటలో అడుగు పెట్టగానే నాకు మొదట అనిపించింది, ఇది తోటా అడవా అని. మా దగ్గర కొబ్బరి వరసల మధ్య కోకో వరసలు, బారు తాడు పట్టి వేసినవి. ఇక్కడ మహాగని, అవకాడో, అరటి, మధ్యమధ్య ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కోకో. మానుకే అంటుకుని కాసిన కాయలు మాత్రం అవే, పసుపువీ ఎర్రవీ. మానుని పట్టుకుని పూత కోసం చూశాను. చిటికెన వేలి గోరంత తెల్ల పువ్వు. దాన్ని తేనెటీగ ముట్టదు. నేల మీద కుళ్ళిన ఆకుల్లో పెరిగే చిన్న ఈగలే పరాగాన్ని మోస్తాయి. అందుకే ఆ రైతు రాలిన ఆకు ఊడ్వడు. ఊడిస్తే ఈగ లేదు, ఈగ లేకపోతే కాయ లేదు.

కాయ కోసి, రాయికేసి కొట్టి, రెండు చిప్పలు చేసి అందరికీ గింజలు పంచాడు. అమెరికన్ దంపతులిద్దరు మా బృందంలో ఉన్నారు, వాళ్ళు గింజని నమిలేసి మొహం చిట్లించారు. నేనూ మావాడూ పైనున్న తెల్ల గుజ్జు చప్పరించి గింజ ఉమ్మేశాం. చిన్నప్పుడు కాయలు కొట్టే దగ్గర కూర్చుని మేం చేసిన పనే అది. రైతు నా వైపు చూసి, "మీకు తోట ఉందా?" అన్నాడు.

అక్కణ్ణించి మా ఇద్దరికీ మాటలే మాటలు. అరటాకులు కప్పిన చెక్క పెట్టెలో అయిదారు రోజులు పులియబెడతారు, మధ్యలో తిరగేస్తారు. చెయ్యి పెట్టి చూడమన్నాడు, చురుక్కుమంది. వేడి యాభై డిగ్రీల దాకా పోతుందట. ఈ పులియడంలోనే చాక్లెట్ వాసనకి పునాది పడుతుంది. ఇది సరిగ్గా చెయ్యకుండా ఎండబెడితే ఎంత వేయించినా చేదే. మా వైపు తొందరలో ఈ పనే ఎగ్గొట్టేవాళ్ళు కొందరుంటారు, నాన్న వాళ్ళని తిట్టిన తిట్లు నాకు గుర్తే.

తర్వాత పాకలో ఆయన భార్య మొదలుపెట్టింది. పెనం మీద గింజలు వేయించి, పొట్టు తీసి, చెరిగింది. అప్పుడు మెటాటే అనే రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నల్లటి రాయి, మూడు కాళ్ళు, కొంచెం వాలుగా ఉంది, పైన రెండు చేతులతో నూరే పొడవాటి పొత్రం. కాళ్ళు తీసేస్తే మా అమ్మమ్మ సన్నికల్లే. ముందు గింజ పలుకులైంది, తర్వాత పొడి అయింది. చుక్క నీళ్ళు పొయ్యలేదు. అయిదు నిమిషాలు నూరేసరికి పొడి మెరవడం మొదలైంది, ఇంకాసేపటికి రాయి మీంచి నల్లగా జారింది. గింజలో సగం కొవ్వే కాబట్టి ఆ రాపిడి వేడికే కరిగిపోతుంది. చదువుకున్న విషయమే అయినా కళ్ళ ముందు పొడి ద్రవమవుతుంటే నోరు తెరుచుకుని చూశాను.

ఆ ముద్దలో వేడినీళ్ళు పోసి, కాస్త మిరియాల పొడి వేసి, ఎత్తు నుంచి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి తిరగబోసి నురగ తెప్పించింది. మాయా వాళ్ళకి నురగే ముఖ్యం. పాత కుండల మీద బొమ్మల్లోనూ ఇలాగే తిరగబోస్తూ కనపడతారు. గ్వాటెమాలాలోని రియో అజుల్ సమాధిలో 1984లో మూత తిప్పి బిగించే కుండ ఒకటి దొరికింది, దాని మీద మాయా లిపిలో కకావ్, అంటే కోకో, అని రాసుంది. లోపల అంటుకున్న మడ్డిని పరీక్షిస్తే నిజంగానే కోకో అని తేలింది. మిరియం మన మలబారుది, స్పానిష్ వాళ్ళ తర్వాతే అటు వెళ్ళింది. మిరపకాయ అటు నుంచి మనకొచ్చింది. బేరం మనకే గిట్టుబాటైందని నా అభిప్రాయం.

రుచా? పంచదార లేదు. చేదు, ఘాటు, నూనె జిడ్డు. మొదటి గుక్క కష్టపడి మింగాను, కప్పు అయిపోయాక ఇంకొంచెం అడిగాను. మా ఆయన తన కప్పు మర్యాదగా నా ముందుకి జరిపాడు. ఆ తర్వాత చాక్లెట్ బార్లు పెట్టారు. నూటికి నూరు శాతంది, ఎనభైది, అల్లం వేసింది, కొబ్బరిది. మావాడి ఓటు కొబ్బరికి, నాది ఎనభైకి. నూరు శాతంది తింటూ బాగుందనేవాళ్ళని నేను నమ్మను.

పాక మూల ఏదో గిర్రున తిరుగుతున్న చప్పుడు. వెళ్ళి చూద్దును కదా, మన గ్రైండర్! రాతి చక్రాలతో, స్టీలు గిన్నెతో. మెటాటే మాకు చూపించడానికి, బార్లకి మాత్రం ఇది. ప్రపంచంలో చిన్న చిన్న చాక్లెట్ తయారీదార్లు చాలామంది వాడేది మన ఇడ్లీపిండి గ్రైండర్ రకమే, గంటల తరబడి తిరిగినా తట్టుకునేలా మార్చినది. రైతుకి ఆ విషయం తెలుసు, "ఇది మీ దేశానిదే" అన్నాడు గర్వంగా.

ధర గురించి అడిగాను. 1980ల్లో ఒక అమెరికన్ కంపెనీ మాట మీద ఇక్కడి వాళ్ళు కోకో విరివిగా వేశారట. 90ల మొదట్లో ధర పడిపోతే కాయ కొయ్యడమే మానేశారు. తర్వాత గ్రీన్ అండ్ బ్లాక్స్ అనే బ్రిటిష్ చాక్లెట్ కంపెనీ వాళ్ళు వచ్చి కొన్నారు. 1994లో వీళ్ళ గింజతో చేసిన మాయా గోల్డ్ బారే బ్రిటన్‌లో ఫెయిర్‌ట్రేడ్ ముద్ర, అంటే రైతుకి న్యాయమైన ధర ఇచ్చి కొన్నామనే ముద్ర, పడిన మొదటి సరుకు. 2001లో ఐరిస్ తుపాను తోటల్ని నేలకూల్చింది, మళ్ళీ వేసుకున్నారు. వింటుంటే నాకు మా ఊరే కనపడింది. 2024లో పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతిని మా వైపు కిలో వెయ్యి దాకా పలికింది. మరుసటి ఏడు సగానికి పడింది. రైతులు రోడ్డెక్కితే ప్రభుత్వం కిలోకి 50 రూపాయలు కలిపి ఇస్తానంది.

ఈ కుటుంబానికి ఆ టెన్షన్ తక్కువ, గింజ బయటికి పోదు, ఇంట్లోనే బార్ అవుతుంది. అలాగని మన రైతులూ ఇలా చేసుకోవచ్చుగా అని తేలిగ్గా అనెయ్యలేను. వాళ్ళని నిలబెడుతున్నది బార్ల అమ్మకం ఒక్కటే కాదు. శిథిలాలు చూడ్డానికి వచ్చినవాళ్ళం ఆకలితో ఆ పాకలో కూర్చుని డాలర్లు ఇచ్చి వెళ్తున్నాం. ద్వారకా తిరుమల వచ్చే భక్తులు కొండ దిగి మా తోటకి వచ్చి చేదు కషాయం తాగుతారా? ఏమో, ఎవరూ అడిగి చూడలేదు.

రాత్రి వీడియోలన్నీ నాన్నకి పంపాను. తెల్లారేసరికి వాయిస్ మెసేజ్. "అమ్మాయ్, చెట్లు అంత ఎత్తు పోనిచ్చారేంటి? కత్తిరింపులు చెయ్యరా? కాయకి ఉడతలు పడవా? కిలో ఎంతకి కొంటన్నారంట?" రాళ్ళ ఫోటోల గురించి ఒక్క ముక్క లేదు.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఫిబ్రవరి నుంచి మే దాకా వానలు తక్కువ. దోమల మందు తప్పనిసరి. బార్లు కొంటే ఏసీ ఉన్న గదిలోనే పెట్టుకోండి.

హ్యూస్టన్ వచ్చాక ఫోన్ చేస్తే, అమ్మ అప్పటికే రంగంలోకి దిగిపోయింది. బస్తాలోంచి గింజలు తీసి, మూకుట్లో వేయించి, పొట్టు చెరిగి, ఇడ్లీ గ్రైండర్లో వేసిందట. మోటారు వేడెక్కి వాసన వస్తుంటే ఆపేసింది. ముద్ద గరగరగా ఉందంది. బెల్లం, యాలకులు కొట్టి వేడి పాలల్లో కలిపి నాన్నకిచ్చింది. ఆయన సగం తాగి, "బానే ఉంది గానీ, కాఫీ పెట్టు" అన్నారట.