పేరు మర్చిపోయిన సన్ మెషీను

మొన్న ఎండాకాలంలో ఎర్రగడ్డ సండే మార్కెట్‌కి టేబుల్ ఫ్యాన్ మోటారు కోసం వెళ్ళా. అక్కడ పాత మిక్సీలు, స్టెబిలైజర్ల కింద పిజ్జా డబ్బా ఆకారంలో ఒక పెట్టె కనిపించింది, మూల మీద ఎటు తిప్పి చదివినా సన్ అనే కనిపించే ఆ లోగో. గుండె ఆగినంత పనైంది. స్పార్క్‌స్టేషన్ 5, సన్ కంపెనీ వర్క్‌స్టేషన్ కంప్యూటర్. ఇంజనీరింగ్‌లో మా వీఎల్ఎస్ఐ (చిప్ డిజైన్) ల్యాబ్‌లో సరిగ్గా ఇదే ఉండేది, గంట స్లాట్ కోసం లైన్లో నిలబడేవాళ్ళం.

"అన్నా, ఇదెంత?" అంటే "పని చేయదు తమ్మీ, తూకమే" అన్నాడు. తూకానికే తెచ్చుకున్నా. ఇంట్లో మా ఆవిడ గుమ్మం దగ్గరే ఆపి "ఏవండీ, మళ్ళీనా?" అంది, అయినా పాత దుప్పటి తెచ్చి టేబుల్ మీద పరిచింది కూడా తనే.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. సన్ కంపెనీ 1982లో మొదలైంది, ఆ పేరు స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ నెట్‌వర్క్ అనే మాటల్లోంచి వచ్చింది, పెట్టిన నలుగురిలో మన వినోద్ ఖోస్లా ఒకరు. స్పార్క్‌స్టేషన్ 5 వచ్చింది 1994లో, ప్రాసెసర్ మైక్రోస్పార్క్-2, మెమరీ 256 ఎంబీ దాకా వేసుకోవచ్చు. ఇళ్ళల్లో విండోస్ 3.1 నడిచే రోజుల్లో దీని మీద చిప్‌లు డిజైన్ చేసేవాళ్ళు. తర్వాత అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సోలారిస్ (సన్ ఆపరేటింగ్ సిస్టమ్) అడ్మిన్ కోర్సు బోర్డులు ఎన్ని ఉండేవో ఆ రోజులు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ కోర్సు చేసి అమెరికా వెళ్ళిన వాళ్ళు నా బ్యాచ్‌లోనే చాలామంది.

ఇలాంటి మెషీన్ దొరికితే మొదటి రూల్, వెంటనే ప్లగ్ పెట్టొద్దు. మూత తీశా, దుమ్ము బ్లోయర్‌తో కొట్టా, కనెక్టర్లు ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తో తుడిచా, పవర్ సప్లై విప్పి చూస్తే రెండు కెపాసిటర్ల నెత్తి ఉబ్బింది. కోఠి గుజరాతీ గల్లీకి పోయి అవే విలువలు 105 డిగ్రీల రకం తెచ్చి వేశా. ఆ తర్వాత కూడా డైరెక్ట్‌గా కాదు, సిరీస్ బల్బు పెట్టి (కరెంటు ముందు బల్బు గుండా వెళ్ళేలా) ఆన్ చేశా, బల్బు ఒక్కసారి వెలిగి మసకబారింది, అంటే షార్ట్ లేదు. ఆ మసక వెలుతురు చూడ్డం కోసమే ఈ పని చేస్తానేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

దీని మానిటర్ కేబుల్ వేరే రకం, కీబోర్డు వేరే రకం, నా దగ్గర రెండూ లేవు. కానీ కీబోర్డు లేకపోతే సన్ మెషీన్ దానంతటదే సీరియల్ పోర్టుకి వెళ్ళిపోతుంది, ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి 9600 స్పీడ్ పెట్టుకుంటే చాలు. పెట్టా. అక్షరాలు వచ్చాయి! కానీ వచ్చిందేంటంటే, ఐడీప్రామ్‌లో (మెషీన్ గుర్తింపు రాసి ఉండే చోటు) ఉన్నది చెల్లదు అని. ఈథర్‌నెట్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మెషీన్‌ని గుర్తుపట్టే నంబరు) ఉండాల్సిన చోట అన్నీ ఎఫ్‌లు, మెషీన్ సొంత నంబరైన హోస్ట్ ఐడీ కూడా అన్నీ ఎఫ్‌లే.

అంటే బతికే ఉంది, కానీ తానెవరో దానికి గుర్తులేదు.

కారణం ఒక చిన్న చిప్, ఎం48టీ08. గడియారం, కొంచెం మెమరీ, లిథియం బ్యాటరీ అన్నీ ఒకే ముద్దలో ఉంటాయి. మెషీన్ గుర్తింపు మొత్తం ఆ మెమరీలోనే, బ్యాటరీ అయిపోతే అది చెరిగిపోతుంది. అప్పట్లో ఖరీదైన డిజైన్ సాఫ్ట్‌వేర్ల లైసెన్సులన్నీ ఈ హోస్ట్ ఐడీకే ముడేసి ఉండేవి, అందుకే మదర్‌బోర్డు పోతే సర్వీస్ ఇంజనీర్ పాత బోర్డు మీది ఈ చిప్‌ని పీకి కొత్త బోర్డులో గుచ్చేవాడు, అప్పుడు బోర్డు మారినా మెషీన్ అదే మెషీన్. బ్యాటరీకి చెప్పిన ఆయుష్షు సుమారు 10 ఏళ్ళు, ఈ మెషీన్ వయసు 30 దాటింది, కాబట్టి దాన్ని తప్పుపట్టలేం.

కొత్త చిప్ కొంటే సరిపోదా అంటే, ఆన్‌లైన్‌లో వచ్చేవాటిలో చాలావరకు పాత స్టాకే, బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఉంటుంది. అందుకని ఉన్నదాన్నే కోయాలి. పైన నల్ల ప్లాస్టిక్‌ని ఫైల్‌తో కొంచెం కొంచెంగా రుద్దాలి, ఒక చివర బ్యాటరీ రెండో చివర క్రిస్టల్ ఉంటాయి, తప్పు చివర రుద్దితే చిప్ పోయినట్టే. తీగలు కనపడ్డాక పాత బ్యాటరీ కనెక్షన్ తెంచేయాలి (ఇది మర్చిపోతే కొత్త బ్యాటరీని అది పీల్చేస్తుంది), తర్వాత సీఆర్2032 (బిళ్ళ బ్యాటరీ) హోల్డర్ అతికించాలి. నాకు రెండు రాత్రులు పట్టింది, ఫ్యాన్ ఆపేసి కూర్చున్నా గాలికి దుమ్ము ఎగరకుండా.

ఇప్పుడు అసలు సమస్య, పేరు ఏం రాయాలి? సన్ అడ్రస్‌లు 8:0:20తో మొదలవుతాయి, మిగతా మూడు సంఖ్యలు మనకి తోచినవి వేసుకున్నా మెషీన్ నడుస్తుంది. చాలామంది అదే చేస్తారు, తప్పేం లేదు. నాకు మాత్రం మనసొప్పలేదు, దానికి ఒక పేరుండేది కదా, అది ఎక్కడో ఉండే ఉంటుంది కదా అని.

లోపల పాత స్కజీ రకం హార్డ్ డిస్కు ఉంది. దాన్ని అడాప్టర్‌తో నా లినక్స్ పీసీకి తగిలించి ముందు మొత్తం ఇమేజ్ (ఉన్నదున్నట్టు కాపీ) తీసుకున్నా, ఎందుకంటే ఇలాంటి డిస్కు రెండోసారి తిరుగుతుందన్న గ్యారంటీ లేదు. ఆ ఇమేజ్‌ని సన్ రకం యూఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌గా రీడ్ ఓన్లీలో మౌంట్ చేస్తే ఫైళ్ళన్నీ కనిపించాయి. ఎవరెవరివో హోమ్ ఫోల్డర్లు ఉన్నాయి, వాటిని తెరవలేదు, తెరిచే హక్కు నాకు లేదు. సిస్టమ్ లాగ్ మాత్రం చూశా. సోలారిస్ బూట్ అయిన ప్రతిసారీ తన ఈథర్‌నెట్ అడ్రస్ లాగ్‌లో రాసుకుంటుంది. అక్కడే ఉంది, ఆరు సంఖ్యలూ! హోస్ట్ ఐడీ చివరి మూడు బైట్లు కూడా మామూలుగా ఆ అడ్రస్ చివరి మూడే, ముందు 80 ఉంటుంది, అంటే రెండూ దొరికినట్టే.

సన్ మెషీన్ కమాండ్లు తీసుకునే ఓకే ప్రాంప్ట్ దగ్గర కూర్చున్నా. అది మామూలు బయాస్ కాదు, ఫోర్త్ అనే పూర్తి ప్రోగ్రామింగ్ భాష, రెండంకెలు రాసి ప్లస్, చుక్క కొడితే కూడి చూపిస్తుంది. ఎంకేపీ కమాండ్‌తో 16 బైట్లు ఒక్కొక్కటిగా రాయాలి, చివరిది మిగతా 15 బైట్లని ఎక్స్‌ఆర్ (బిట్లని పోల్చే లెక్క) చేస్తే వచ్చే చెక్‌సమ్, అంటే సరిచూసుకునే సంఖ్య. రీసెట్ కొట్టా. ఎఫ్‌లు పోయాయి, లాగ్‌లో చూసిన అడ్రసే స్క్రీన్ మీద వచ్చింది. అర్ధరాత్రి ఒంటిగంటకి మా ఆవిడని లేపి చూపించా, పాపం కళ్ళు నులుముకుంటూ వచ్చి మొత్తం చదివింది.

ఇలా తూకానికి పోయే మెషీన్లని తలచుకుంటే బాధేస్తుంది. మన హైదరాబాద్‌లోనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1970ల్లో టీడీసీ-312, టీడీసీ-316 లాంటి కంప్యూటర్లు తయారు చేసింది, ఇన్నేళ్ళుగా పాత సామాను వెతుకుతున్నా వాటి బోర్డు ఒక్కటి కూడా నా చేతికి రాలేదు.

ఆ డిస్కులో ఇంకోటి దొరికింది. ఈ మెషీన్ హోస్ట్‌నేమ్ (నెట్‌వర్క్‌లో దాని పేరు) గోదావరి. హోస్ట్స్ ఫైల్లో దాని పక్కన కృష్ణ, మంజీర, తుంగభద్ర, మూసీ ఉన్నాయి, అన్నీ ఒకే ల్యాబ్‌లో ఉండేవన్నమాట. గోదావరి ఇప్పుడు నా టేబుల్ మీద నెట్‌బీఎస్డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడుస్తోంది, పింగ్ చేస్తే పలుకుతోంది. మిగతా నాలుగిటి అడ్రస్‌లు తెలీవు, పేర్లే తెలుసు. మీ ఆఫీసు స్టోర్ రూమ్‌లోనో, కాలేజీ మెట్ల కిందో సన్ డబ్బా ఏదైనా కనిపిస్తే తూకానికి వేసే ముందు ఒక్క మెసేజ్ పెట్టండి, నేనే వచ్చి తీసుకెళ్తా. లోపలి డిస్కు మాత్రం దయచేసి ఎవరూ పీకొద్దు.