క్యాట్‌లో ప్రాక్టీసు: జూనియర్ ముందు నేర్వాల్సింది తేదీలు

న్యాయవాదిగా ఎన్‌రోల్‌మెంట్ కాగానే చాలామంది చూపు హైకోర్టు మీదే ఉంటుంది. సర్వీసు లా, అంటే ఉద్యోగుల సర్వీసు తగాదాల చట్టం మీద ఆసక్తి ఉంటే కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్, అంటే మనం క్యాట్ అనేది, హైదరాబాద్ బెంచ్‌నూ చూడాలి. రెండు తెలుగు రాష్ట్రాల పోస్టల్, రైల్వే, ఇన్‌కంటాక్స్ ఉద్యోగుల సీనియారిటీ, బదిలీ, సస్పెన్షన్, పెన్షన్ తగాదాలు ఇక్కడికే వస్తాయి. రాష్ట్ర కేడర్‌లో పనిచేసే ఐఏఎస్, ఐపీఎస్‌లూ ఇక్కడికే. సైనికులవి మాత్రం రావు. రాష్ట్ర ఉద్యోగులకు 1989లో మొదలైన ఏపీ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ ఇప్పుడు లేదు, వాళ్లు నేరుగా హైకోర్టులో రిట్ వేస్తున్నారు. కాబట్టి రెండుచోట్లా పని ఉన్న సీనియర్ దగ్గర చేరడం మేలు.

క్యాట్‌లో కేసులు వాదనలో కంటే తేదీల్లోనే ఎక్కువ పోతాయి. 1985 నాటి అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్స్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం తుది ఉత్తర్వు వెలువడిన ఏడాదిలోగా ఓఏ (ఒరిజినల్ అప్లికేషన్, అంటే అసలు దరఖాస్తు) వేయాలి. అప్పీలు పెట్టినా శాఖ ఉలుకూపలుకూ లేకుంటే ఆరు నెలలు ఆగి, అక్కణ్నుంచి ఏడాది. క్లయింటు ఏం చేస్తాడంటే, మూడేళ్లపాటు అర్జీ మీద అర్జీ పెట్టి, చివరి అర్జీకి వచ్చిన జవాబు పట్టుకుని వస్తాడు. అర్జీలు పెంచితే గడువు పెరగదు. ఆలస్యానికి కారణాలు చెబుతూ విడిగా ఎంఏ (మిసలేనియస్ అప్లికేషన్, అంటే అనుబంధ దరఖాస్తు) వేయాల్సిందే. పెన్షన్ తక్కువగా లెక్కగట్టిన కేసులు కాస్త వేరు. నెలనెలా జరిగే నష్టం కనుక ఆలస్యమైనా నిలుస్తాయి, కానీ బకాయిలు సాధారణంగా వెనక్కి మూడేళ్లకే ఇస్తారు.

ఓఏ ఫీజు 50 రూపాయలే. పదిమంది కలిసి వేస్తే, అందరి బాధా ఒకటేనని చూపి ఉమ్మడిగా వేయడానికి అనుమతి అడగాలి. బదిలీ, ఇంక్రిమెంటు కోత, చార్జిమెమో అన్నీ ఒకే ఓఏలో కుక్కితే కుదరదు. కారణం ఒక్కటే ఉండాలి. సీనియారిటీ కేసులో పైకి వెళ్లిన సహోద్యోగులను ప్రతివాదులుగా చేర్చడం మరిచిపోతే మొత్తం ఓఏకే ఎసరు. సవాలు చేస్తున్న ఉత్తర్వు నకలు సరిగా కనబడకపోతే రిజిస్ట్రీ దగ్గరే ఆగిపోతుంది.

శాఖల తరఫు పని ఇంకో దారి. కేంద్రానికి, రైల్వేకి ప్యానెల్ న్యాయవాదులుంటారు. అనుభవం లేకుండా ఆ ప్యానెల్ దొరకడం కష్టమే గానీ, ప్యానెల్ సీనియర్ ఆఫీసులో శాఖ పంపిన పేరావైజ్ రిమార్కుల్ని (ఓఏలోని ఒక్కో పేరాకు శాఖ ఇచ్చే జవాబుల్ని) కౌంటర్‌గా, అంటే ట్రిబ్యునల్‌లో వేసే జవాబు పత్రంగా మార్చే పని జూనియర్‌కు నిండుగా ఉంటుంది. ఒక పేరాకు జవాబు వదిలేస్తే ఒప్పుకున్నట్టేనని అవతలి వకీలు పట్టుకుంటాడు. లా చదివిన శాఖాధికారులకూ చోటుంది: అదే చట్టం 23వ సెక్షన్ కింద వాళ్లను ప్రెజెంటింగ్ ఆఫీసర్లుగా, అంటే శాఖ తరఫున కేసు చూసేవాళ్లుగా నియమించుకోవచ్చు.

ఓడితే రివ్యూకి, అంటే అదే ట్రిబ్యునల్‌ను తీర్పు మళ్లీ చూడమని అడగడానికి ముప్పై రోజులు, అదీ కంటికి కనబడే పొరపాటుంటేనే. లేదంటే హైకోర్టు డివిజన్ బెంచ్‌కి (ఇద్దరు జడ్జిల బెంచ్‌కి) రిట్. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన చంద్రకుమార్ తీర్పు తర్వాత నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే దారి మూసుకుపోయింది.